చనుబాలు, మలం పరీక్షిస్తే బిడ్డ ఎదుగుదల ముందే తెలిసిపోతుందా?

మీ పాపకి అయిదో నెల, బరువు సరిగా పెరగడం లేదు, పాలూ మలమూ పంపితే కారణం చెప్తామని ఎవరో అంటున్నారు, చేయించమంటారా అని అడిగారు. నేనైతే చేయించను. తల్లీబిడ్డల నమూనాల మీద నాలుగేళ్లు మెటబోలోమిక్స్ (నమూనాలోని చిన్న అణువుల లెక్క తీయడం) పని చేశాను. అందులో సగం కాలం డైపర్లలోంచి మలం గీకి ట్యూబుల్లోకి ఎత్తడానికే సరిపోయింది.

పేగుల్లో ఏ సూక్ష్మజీవులున్నాయో డీఎన్‌ఏ చెబుతుంది. ఇంట్లో ఎవరెవరున్నారో తెలిస్తే పొయ్యి మీద ఏం ఉడుకుతోందో తెలిసినట్టు కాదు కదా! ఆ ఉడికేదాన్ని పట్టుకునేది మెటబోలోమిక్స్. ఆమ్లాలు, చక్కెరలు, కొవ్వుల్లాంటి చిన్న అణువులు ఏవి ఎంతున్నాయో, అణువుల్ని బరువుని బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌తో చూస్తాం.

చనుబాలలో లాక్టోజు, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండే ఘనపదార్థం ఒలిగోశాకరైడ్లనే చక్కెరలు. చిత్రమేమిటంటే వాటిని బిడ్డ అరిగించుకోలేదు. తల్లి ఒళ్లు కరిగించి వండిపెట్టేది ఎక్కువగా బిడ్డ పేగుల్లోని బైఫిడోబాక్టీరియా అనే మేలు చేసే సూక్ష్మజీవులకి! అవి తిని ఎసిటేటు, లాక్టేటు అనే పుల్లటి ఆమ్లాలు వదులుతాయి. పేగు పులుపెక్కి, హాని చేసే బాక్టీరియాకి చోటు తగ్గుతుంది.

ఎదుగుదలతో లంకె చూపిన పనుల్లో నాకు బాగా నచ్చింది 2016లో పేగు సూక్ష్మజీవుల మీద పనిచేసే అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ గోర్డన్ బృందం ప్రచురించినది. ఆఫ్రికా దేశం మలావీలో ఎదుగుదల బాగా కుంటుపడిన పిల్లల తల్లుల పాలల్లో సియాలిక్ ఆమ్లమనే అణువు అతికిన ఒలిగోశాకరైడ్లు తక్కువగా కనిపించాయి. అలాంటి ఒక బిడ్డ మలంలోని బాక్టీరియాని సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కించి, ఆవుపాల నుంచి తీసిన అదే తరహా చక్కెరలు పెడితే ఆ ఎలుకలు బాగా పెరిగాయి. బాక్టీరియా లేని ఎలుకలకి పెడితే ఆ పెరుగుదల రాలేదు. అంటే చక్కెర ఒక్కటీ చాలదు, తినే బాక్టీరియా కూడా ఉండాలి. అయినా ఎలుక ఎలుకే, మీ పాప మీ పాపే.

ఇక మా సొంత భాగోతం. మొదటి ఏడాది, నెమ్మదిగా పెరుగుతున్న పిల్లల మలంలో ఎసిటేటు బాగా ఎక్కువగా కనిపించింది. వారం పాటు ల్యాబంతా పండగ. తర్వాత ఎవరో నమూనా తీసిన సమయం, ఫ్రీజర్‌లో పెట్టిన సమయం పక్కపక్కన పెట్టి చూశారు. ఆ నమూనాల్లో చాలావరకు ఒకే కేంద్రం నుంచి వచ్చాయి, అక్కడ గంటల తరబడి బయటే ఉండిపోయాయి. ట్యూబులో పడ్డాక బాక్టీరియా పని మానేస్తుందా? పులియబెడుతూనే ఉంటుంది. ఆ నమూనాల్ని తీసేస్తే తేడా మాయం. ఇంకోసారి ఒక పెద్ద పీక్ (ఏదో అణువు ఎక్కువగా ఉందని గ్రాఫ్‌లో లేచే శిఖరం) చూసి ఎగిరి గంతేశాం, తీరా అది తల్లి వేసుకున్న పారాసెటమాల్.

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ పక్కనే ఉన్న మాకే ఇలా జరిగితే, పోస్టులో వెళ్లే డబ్బా గురించి వేరే చెప్పాలా? పైగా మలంలో ఎసిటేటు ఇంత ఉంటే బిడ్డ ఇంత పెరుగుతుందని చెప్పే పట్టిక ఏదీ లేదు.

పాప బరువు, పొడవు పుట్టినప్పటి నుంచి రాసిపెట్టిన గ్రోత్ చార్ట్ తీసుకుని ఈ వారమే పిల్లల డాక్టర్‌కి చూపించండి. పాలు పట్టే తీరు కూడా చూడమనండి, చాలాసార్లు తేడా అక్కడే దొరుకుతుంది. మీరు తిన్న తిండి వల్ల పాలు పాడయ్యాయేమోనని రాశారు. పాలల్లో ఏ ఒలిగోశాకరైడ్లు ఉంటాయన్నది చాలావరకు ఎఫ్‌యూటీ2 లాంటి జన్యువుల మీద ఆధారపడుతుంది. అది మీరు పుట్టినప్పుడే తేలిపోయిన సంగతి, ఆ బెంగతో పాలు మాన్పించకండి.