గడువు తీరిన డొమైన్ పేర్లు: పదిహేను వేల రూపాయలతో ఎంతవరకు వెళ్లవచ్చు?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. గడువు తీరిపోతున్న వెబ్‌సైట్ పేర్లను తక్కువకు పట్టి ఎక్కువకు అమ్మవచ్చని, అందుకు పదిహేను వేలు కావాలని అడుగుతున్నాడు. చదువు పూర్తయ్యాక ఇదే పనిగా పెట్టుకుంటానని కూడా అంటున్నాడు. ఇది మోసమా? డబ్బు ఇవ్వవచ్చా?

జవాబు: ఇది మోసం కాదండీ, చట్టం ఒప్పుకునే వ్యాపారమే. అయినా డబ్బంతా ఒకేసారి ఇవ్వవద్దని, చదువు కాగానే దీనినే ఏకైక జీవనాధారంగా పెట్టుకోనివ్వవద్దని నా సలహా. మీ అబ్బాయికి తెలివి చాలదని కాదు. ఈ రంగంలో పేర్లు చేతులు మారే తీరు కొత్తగా వచ్చే చిన్న పెట్టుబడిదారుకు అనుకూలంగా ఉండదు.

డాట్ కామ్ పేరును యజమాని పునరుద్ధరించుకోకపోతే అది మరునాడే ఖాళీ అయిపోదు. గడువు తీరిన తరువాత, పేరు నమోదు చేసిన రిజిస్ట్రార్ సంస్థను బట్టి, 45 రోజుల వరకు వెసులుబాటు ఉండవచ్చు. ఆ పైన రిజిస్ట్రార్ దానిని తొలగిస్తే మరో 30 రోజుల పాటు పాత యజమాని అదనపు రుసుము కట్టి విడిపించుకునే అవకాశం ఉంటుంది. చివరి 5 రోజులు తొలగింపు దశ. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు. ఇవన్నీ దాటిన తరువాతే ఆ పేరు మళ్లీ అందరికీ అందుబాటులోకి వస్తుంది. మీ అబ్బాయి ఎదురుచూస్తున్నది ఆ క్షణం కోసమే.

అయితే నలుగురూ కోరుకునే పేర్లలో చాలావాటికి ఆ క్షణం రానే రాదు. పెద్ద రిజిస్ట్రార్లు వెసులుబాటు రోజుల్లోనే వాటిని తమ సొంత వేలంలో పెట్టి అమ్మేస్తాయి. అలా అమ్ముడుపోకుండా మిగిలి, నిజంగా తొలగింపు దాకా వచ్చిన వాటి కోసం డ్రాప్‌క్యాచ్, స్నాప్‌నేమ్స్ వంటి సంస్థలు కాచుకొని ఉంటాయి. డాట్ కామ్ పేర్ల మూల జాబితా అమెరికాలోని వెరిసైన్ సంస్థ దగ్గర ఉంటుంది. ఆ జాబితాలో పేరు ఖాళీ అయిన క్షణంలోనే ఈ సంస్థల కంప్యూటర్లు ఒక్కసారిగా అభ్యర్థనలు పంపుతాయి. ఒక్కొక్క రిజిస్ట్రార్ గుర్తింపుకు, అంటే పేర్లు నమోదు చేసే అధికారానికి, వెరిసైన్‌తో విడిగా కొన్ని కనెక్షన్లు దొరుకుతాయి కనుక, ఇలాంటి కొన్ని సంస్థలు వందల గుర్తింపులను తమ చేతిలో పెట్టుకున్నాయి. అర్ధరాత్రి దాకా మేలుకొని ఇంటి కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి ఈ పోటీలో గెలవడం దాదాపు అసాధ్యం.

అందువల్ల ఆ సంస్థల దగ్గరే ముందుగా పేరు బుక్ చేసుకోవడం మిగిలిన మార్గం. పేరు దొరికితేనే డబ్బు తీసుకునే సంస్థలు చాలా ఉన్నాయి, అది మంచిదే. కానీ అదే పేరును మరొకరు కూడా బుక్ చేసి ఉంటే వేలం మొదలవుతుంది. చాలా చోట్ల చివరి నిమిషంలో ఎవరైనా పాట పెంచితే గడువు కూడా పొడిగిస్తారు, కనుక ఆఖరి క్షణంలో పాడి గెలిచే ఉపాయం పనిచేయదు. చెల్లింపులు ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. కార్డులో విదేశీ లావాదేవీలు అనుమతించాలి, బ్యాంకు మారకపు రుసుము అదనం. కొన్న తరువాత ఏటా పునరుద్ధరణ ఖర్చు ఉండనే ఉంటుంది. పది పేర్లు కొని ఒక్కటీ అమ్ముడుపోకపోతే రెండో ఏడాది పదింటికీ మళ్లీ పునరుద్ధరణ డబ్బు కట్టాలి. చాలామంది అలసిపోయేది అక్కడే.

కాబట్టి ఇలా ఏర్పాటు చేయండి. మొదట ఒక్క పేరుకు సరిపడా, అంటే రెండు మూడు వేలు మాత్రమే ఇవ్వండి. అమెరికా కొనుగోలుదారులు పట్టించుకోని, మన ప్రాంతపు వాడికే విలువ తెలిసిన పేరును అతడు ఎంచుకోవాలి. రొయ్యల సాగు, గూడూరు నిమ్మ, చీమకుర్తి గ్రానైట్ వంటి వ్యాపారాల్లో ఎవరు ఏమి వెతుకుతారో మీ ఇంట్లో కూర్చొని ఆలోచించగలరు. అలాంటి పేర్లకు పోటీ తక్కువ కనుక, తొలగింపు తరువాత మామూలు నమోదు ధరకే దొరికే అవకాశం ఉంటుంది. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. స్థానిక ఆసుపత్రి పేరో, హేచరీ పేరో పొరపాటున గడువు తీరితే దానిని పట్టుకొని వారి దగ్గరే ఎక్కువ డబ్బు అడగడం తప్పు. విడిపించుకునే దశలో ఉండగానే వారికి ఫోన్ చేసి చెప్పడం న్యాయం.

అది న్యాయమే కాదు, క్షేమం కూడా. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో డొమైన్ పేరుకు కూడా వ్యాపార గుర్తుకు ఉన్నట్టే రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. డాట్ కామ్ పేర్ల వివాదాలకు, ప్రపంచవ్యాప్తంగా డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే ఐకాన్ సంస్థ విధానం, డాట్ ఇన్ పేర్లకు వాటిని చూసే మన దేశ సంస్థ నిక్సీ నిర్వహించే విధానం ఉన్నాయి. దురుద్దేశంతో నమోదు చేశారని తేలితే పేరు పోతుంది, పెట్టిన డబ్బు తిరిగి రాదు. కొనే ముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకాలి. పాత సైటులో ఏముండేదో, వెబ్‌సైట్ల పాత నకళ్లను దాచి ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చూడాలి, ఎందుకంటే జూదానికో మోసానికో వాడిన పేరుకు ఆ మచ్చ మిగిలిపోతుంది. గడువు తీరిన పేరు కొని, వెతుకులాటలో పాత సైటుకున్న పరపతిని వాడుకొని పనికిరాని సమాచారం నింపడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్‌గా ప్రకటించింది.

మీరు అడిగిన మోసం నిజంగా ఉండేది అమ్మే దశలో. పేరు కొంటామని మెయిల్ పంపి, ముందుగా ఫలానా చోట డబ్బు కట్టి విలువ ధ్రువపత్రం తెమ్మంటారు. ఆ ధ్రువపత్రం అమ్మేదీ వారే, కొనేవారు ఉండరు. ఈ సంగతి అతడికి ఇప్పుడే చెప్పండి.

ఉద్యోగం విషయానికి వస్తే, అతడి ఆసక్తి చాలా విలువైనది. 2025 జనవరి నుంచి డాట్ కామ్ వంటి పేర్ల వివరాలకు పాత హూఈజ్ స్థానంలో ఆర్‌డీఏపీ అనే విధానం ప్రామాణికమైంది. దాని నుంచి కొన్ని పేర్ల దశను రోజూ తెచ్చి పట్టికలో నమోదు చేసే చిన్న పైథాన్ ప్రోగ్రాంను అతడే రాయాలి. దీనికి ఖర్చు దాదాపు లేదు. దానితో పాటు లినక్స్, డీఎన్ఎస్ రికార్డులు (డొమైన్ పేరును సర్వర్‌తో కలిపే నమోదులు), మెయిల్ సర్వర్ అమరికలు నేర్చుకుంటే హోస్టింగ్ సంస్థల సాంకేతిక సహాయ విభాగాల్లోనూ, నెట్‌వర్క్, క్లౌడ్ నిర్వహణలోనూ ప్రవేశ స్థాయి ఉద్యోగాలకు ఈ ప్రాజెక్టు చూపించవచ్చు. పేర్ల వ్యాపారం ఉద్యోగంతో పాటు సాయంత్రాలు చేసుకోవచ్చు. మొదటి అమ్మకం జరిగాక, వచ్చిన లాభంతోనే తరువాతి పేరు కొనమనండి.

ఆ మొదటి పేరును అతడి సొంత పేరుమీద, కళాశాల మెయిల్‌తో కాకుండా ఎప్పటికీ ఉండే మెయిల్‌తో నమోదు చేయించండి. ఐకాన్ నియమం ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలి. కళాశాల విడిచాక ఆ మెయిల్ మూతపడితే ఆ హెచ్చరికలు అతడికి చేరవు.