లాఠీ పట్టుకునే ముందు ఆర్డర్ చదువు, తల్లీ

తల్లీ,

మొన్న ఫోన్లో అడిగావు, "పెదనాన్నా, మళ్ళీ కరోనా లాంటిది వచ్చి ప్రభుత్వం ఆంక్షలు పెడితే, ఎస్సైగా నేను ఎంతవరకు పట్టుబట్టాలి, ఎక్కడ చూసీచూడనట్టు పోవాలి?" అని. రెండు ముక్కల్లో తేలే మాట కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు 2020 ఏప్రిల్లో నా చెక్‌పోస్టు దగ్గర జరిగింది చెప్తాను. మధ్యాహ్నం రెండవుతోంది. పొద్దున్నుంచీ అందరూ చెప్పే సాకులు విని విసిగిపోయి ఉన్నాం. ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఏదో చెప్పబోతే మా కానిస్టేబుల్ వినలేదు, నేనూ వినలేదు. గుంజీళ్లు తీయించాం. ఎనిమిదోదో తొమ్మిదోదో తీస్తుండగా చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం జారి పడింది. చెమటకు తడిసి ఇంకు అలుక్కుపోయింది. చూస్తే భార్య డయాలిసిస్ చీటీ. ఆవిడను ఆస్పత్రిలో దింపి మందుల కోసం బయటికొచ్చాడు. క్షమించమని అడిగి పంపించాను. మూడు రోజులకు మళ్ళీ అదే దారిన వచ్చాడు. ఈసారి ఆ చీటీని పాలిథిన్ కవర్లో పెట్టి, దారం కట్టి మెళ్ళో వేసుకున్నాడు, దూరం నుంచే మాకు కనపడాలని. ఆ కవరు గుర్తొస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది.

గుంజీళ్లు తీయించమని, లాఠీతో కొట్టమని, టైర్లో గాలి తీయమని ఏ ఆర్డర్లోనూ ఉండదు. శిక్ష వేసేది కోర్టు. అదే ఏడాది జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళంలో, లాక్‌డౌన్ టైమ్ దాటాక కొట్టు తెరిచి ఉంచారని తండ్రిని స్టేషన్‌కు తీసుకెళ్ళారు, వెనకే వెళ్ళిన కొడుకునూ అక్కడే పట్టుకున్నారు. ఇద్దరూ కస్టడీలో తిన్న దెబ్బలతో చనిపోయారు. కేసు సీబీఐకి వెళ్ళింది. కొట్టు ఇంకాసేపు తెరిచి ఉంచారన్న ఆరోపణకు రెండు ప్రాణాలు పోయాయి. నీ సిబ్బందికి ఈ సంగతి నువ్వే చెప్పు.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. ఆర్డర్ అమలు చేయాలా వద్దా అనేది మన చేతిలో లేదు. 2020లో అమెరికాలో కొందరు షెరీఫ్‌లు, అంటే అక్కడి కౌంటీల పోలీసు అధికారులు, గవర్నర్ల మాస్క్ ఆదేశాలను అమలు చేయబోమని బాహాటంగానే ప్రకటించారు. వాళ్ళు ఓట్లతో గెలిచి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు. అది సరైనదని నేననను, కానీ వాళ్ళు జనానికి నేరుగా జవాబు చెప్పుకోవాలి. మనకు ఆ వెసులుబాటు లేదు. ఎలా అమలు చేయాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది: నచ్చచెప్పి ఇంటికి పంపడమా, జరిమానానా, కేసా.

దానికి ముందు ఆర్డర్ కాపీ నీ చేతిలో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోను నమ్ముకోకు. సంతకం ఎవరిది, ఏ చట్టం కింద ఇచ్చారు, ఎప్పటిదాకా అమల్లో ఉంటుంది, మినహాయింపులు ఎవరికి, ఇవి చూడు. మినహాయింపుల పేరా రెండుసార్లు చదువు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. దాన్ని రోల్‌కాల్‌లో తెలుగులో చదివి వినిపించు. ఎండలో నిలబడి ఎవర్ని ఆపాలో, ఎవర్ని పంపాలో తేల్చుకునేది కానిస్టేబులూ హోంగార్డూ. వాళ్ళకు అర్థం కాకపోతే నీకెంత తెలిసినా లాభం లేదు. ఆశా కార్యకర్తతో, ఏఎన్ఎంతో రోజూ ఒకసారి మాట్లాడు. ఏ ఇంట్లో నెలలు నిండిన గర్భిణి ఉందో, ఎవరికి డయాలిసిస్ ఉందో వాళ్ళకు తెలుస్తుంది.

కేసు కట్టేముందు ఇది గుర్తుపెట్టుకో. అధికారి ఇచ్చిన ఆర్డర్‌ను ఉల్లంఘిస్తే కట్టే సెక్షన్ మా రోజుల్లో ఐపీసీ 188, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 223 వచ్చింది. శిక్ష మామూలుగా 6 నెలల వరకు, ప్రాణాపాయం లాంటిది ఉంటే ఏడాది వరకు. కానీ ఆర్డర్ ఇచ్చిన అధికారిగానీ, ఆయన పైఅధికారిగానీ, ఆయన అధికారమిచ్చిన మరో అధికారిగానీ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే తప్ప కోర్టు దాన్ని విచారణకు తీసుకోదు. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 215 చెప్పేది అదే. ఈ ఒక్క లోపంతో హైకోర్టులు కొట్టేసిన కేసులు ఎన్నో ఉన్నాయి. వందల కేసులు కట్టామని లెక్క చూపించే టెన్షన్ పడకు. 2021లో తమిళనాడు ప్రభుత్వం లాక్‌డౌన్ ఉల్లంఘన కేసుల్లో చాలావాటిని ఉపసంహరించుకుంది. అరెస్టు అవసరమా, నోటీసుతో సరిపోతుందా అని ప్రతిసారీ ఆలోచించు.

ఎవర్నైనా వదిలేస్తే, ఎందుకు వదిలేశావో సాయంత్రం స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో రాయగలవా అని నిన్ను నువ్వు అడుగు. "ఆస్పత్రి చీటీ చూపించాడు, పంపించాను" అని రాయొచ్చు. "ఫలానా వారు ఫోన్ చేశారు, వదిలేశాను" అని రాయలేవు కదా? పెళ్ళికి 50 మందే అన్న రోజుల్లో పలుకుబడి ఉన్న ఒకాయన ఇంటి పెళ్ళికి అంతకు నాలుగింతలు జనం వచ్చారు. ఫోన్లు వచ్చాయి, మేం పక్కకు తప్పుకున్నాం. మర్నాడు మార్కెట్లో ఓ కూరగాయలామెను బండి తీయమంటే, "రాత్రి ఆ హాలు దగ్గర లేని రూలు నా బండికాడికెట్టా వచ్చింది సారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఆ మార్కెట్లో మా మాటకు విలువ పోయింది. అలాంటి ఫోన్ నీకూ వస్తుంది. "ఆర్డర్ కలెక్టర్ గారిది సార్, మినహాయింపు నా చేతిలో లేదు, వారిని అడగండి" అను. గొంతు పెంచకు.

ఎవరైనా డాక్టర్ మీదో నర్సు మీదో ఆశా మీదో చెయ్యి చేసుకుంటే మాత్రం ఒక్క క్షణం కూడా ఆలోచించకు. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించి అలాంటి దాడిని నాన్‌బెయిలబుల్ నేరం చేశారు, 3 నెలల నుంచి 5 ఏళ్ల దాకా శిక్ష. దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, 30 రోజుల్లో పూర్తి కావాలి. అందుకని ఎఫ్‌ఐఆర్ కట్టి వెంటనే మీ సీఐ గారికి చెప్పు. పాజిటివ్ అని తెలిసి కూడా జనంలో తిరిగేవాణ్ణీ ఊరికే వదలకు, కానీ ముందు ఆ ఇంట్లో బియ్యం, మందులు ఉన్నాయో లేవో కనుక్కో. చాలామంది బయటికొచ్చేది వాటికోసమే.

చెక్‌పోస్టులో మూడు గంటలకు మించి ఒకే మనిషిని ఉంచకు. ఆ రోజు మా కానిస్టేబుల్ పొద్దున ఆరింటి నుంచి నిలబడే ఉన్నాడు. నేను అతన్ని మార్చి ఉండాల్సింది.

మీ పెదనాన్న