తాత గురించి రాసేటప్పుడు

చిన్నోడికి అత్త ఆశీర్వదించి రాయునది.

తాత సంవత్సరీకం నాటికి ఆయన బతుకంతా రాసి, చిన్న పుస్తకంగా వేయించి, బంధువులకు పంచాలని ఉందన్నావు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావు కదా, నాకు తెలిసింది చెప్తా. అంగన్‌వాడీలో ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లతో మాట్లాడిన దాన్ని. మా మామగారు పోయాక ఆయన సంగతులన్నీ నోటుబుక్కులో ఎక్కించింది కూడా నేనే.

ముందు అవ్వ దగ్గర కూర్చో. మేమంతా తర్వాత. ఆమెకు పొద్దున పూట జ్ఞాపకం బాగుంటుంది, మధ్యాహ్నం దాటితే అలసిపోతుంది. "తాత గురించి చెప్పవ్వా" అని అడిగితే "ఏముంది నాయనా, మంచి మనిషి" అని ఊరుకుంటుంది. అలా అడగొద్దు. అటక మీద, ఎద్దులతో బావి నీళ్లు తోడే కపిల తోలిన నాటి మోకు ఇంకా ఉంది, దాన్ని దించి ఆమె ఒళ్లో పెట్టు. ఏ బావి, ఏ ఎద్దులు, తెల్లారుజామున ఎవరు ముందు లేచేవాళ్లు, సద్దిలోకి ఏం నంజుకునేవాళ్లు, అన్నీ వాటంతటవే వస్తాయి. ముందే చెప్పి ఫోన్‌లో రికార్డు చెయ్. మధ్యలో "అది ఆ సంవత్సరం కాదవ్వా" అని మాత్రం దిద్దొద్దు. ఒక్కసారి దిద్దితే ఆ పూటకు నోరు విప్పదు.

సంవత్సరాలు నువ్వు తర్వాత సరిచూసుకో. ఆధార్‌లో ఆయన పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే నమ్మొద్దు, ఊళ్లో సగం మంది పెద్దవాళ్లకు అదే తేదీ వేశారు. వాళ్లు గుర్తుపెట్టుకునే లెక్క వేరు. తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు తెరిచిన ఏడు, అంటే 1944లో, తాత వాళ్ల నాయన భుజం మీద ఎక్కి తిరిగే పిల్లోడట. నయాపైసలు వచ్చిన ఏడు పెళ్లయిందని అవ్వ అంటుంది, అది 1957. ఇలా ఒకదానికొకటి ముడివేసుకుంటూ పోతే వయసు దానంతటదే తేలుతుంది. భూమి కాగితాలు కూడా చూడు. పాత దస్తావేజుల్లో మన ఊరు చంద్రగిరి తాలూకా, చిత్తూరు జిల్లా అని ఉంటుంది. మండలాలు వచ్చింది 1985లో, తిరుపతి జిల్లా అయింది 2022లో. పేర్లు మారాయని కంగారు పడొద్దు.

ఇక అసలు సంగతి. ఆయన మొండి మనిషి. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద వేసినట్టు "కష్టజీవి, పట్టుదలకు మారుపేరు" అని రాస్తే ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి, మీ తాత అందులో కనపడడు. ఆయన ఏం చేశాడో రాయి. మామిడిచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగినప్పుడు పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. కదపొద్దన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే ఆ కట్టుతోనే, రెండో చేత్తో మోకు పట్టుకుని కపిల తోలాడు. అవ్వ తిడుతూనే వెనకాల నడిచింది. అది రాయి.

హైవే పక్క తోట అడగడానికి కారులో వచ్చినవాళ్ల సంగతి కూడా. మంచమేసి కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇప్పించాడు, వాళ్లు రేటు చెప్పేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అంతా విన్నాక లేచి, ఒక బుట్ట బెంగళూరా కాయలు కోసి కారులో పెట్టించి, "కాయలకైతే ఎప్పుడైనా రండి, దీనికోసం మాత్రం ఇంక రావద్దు" అన్నాడు. అయితే అక్కడితో ఆపొద్దు. బోర్లు ఎండిపోయి అప్పు నెత్తిన ఉన్న రోజులవి. అమ్ముంటే తీరిపోయేదని మీ నాయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఆయన బాధ కూడా నిజమే. మీ నాయననే అడుగు, ఇప్పుడైతే చెప్తాడు.

నా సంగతి నేనే చెప్తా. పదో తరగతి పాసయ్యాక తిరుపతిలో పద్మావతి కాలేజీలో చేరతానని అడిగాను. వద్దన్నాడు. ఏడ్చినా, అన్నం మానేసినా దిగిరాలేదు. ఎందుకు వద్దన్నాడో చివరిదాకా చెప్పలేదు. నాయనంటే నాకు ప్రాణం, మంచాన పడ్డాక సంగటి మెత్తగా పిసికి నోట్లో పెట్టింది నేనే. అయినా ఈ మాట పుస్తకంలో ఉండాలి. రేపు నీ కూతురు చదివినప్పుడు మన ఇంట్లో ఆడపిల్లలకు ఏం జరిగిందో దానికి తెలియాలి.

చిన్నతాత దగ్గరికి తప్పకుండా పో. పొలం గెనిమ (గట్టు) దగ్గర మొదలైన గొడవతో ఇద్దరికీ ఎన్నో ఏళ్లు మాటల్లేవు. మొదట తిడతాడు, తిట్టనీ. మాటల్లేని మనిషే ఆ రోజు పిలవకుండా వచ్చి పాడె ఒక కొమ్ము పట్టాడు, దించేదాకా ఎవరికీ ఇవ్వలేదు. చిన్నప్పటి తాతను చూసినవాళ్లలో మిగిలింది ఇప్పుడు ఆయనొక్కడే.

ఫోటోల వెనక ఎవరెవరో పెన్సిల్‌తో రాయించు. అక్షరాలు పెద్దవిగా వేయించు, చదివేవాళ్లలో ఎక్కువమంది కళ్లద్దాలవాళ్లే. అచ్చుకు ఇచ్చే ముందు అంతా అవ్వకు చదివి వినిపించు. తన గురించి ఏదైనా వద్దంటే వాదించకుండా తీసెయ్. నా చదువు సంగతి మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు.

గంగజాతరకు వచ్చేటప్పుడు రాసినంతవరకు తీసుకురా, కూర్చుని చూద్దాం.

ఇట్లు
మీ అత్త