ఫార్మాట్ కొట్టే ముందు నా నోటుపుస్తకం చూడు

ప్రశ్న: అన్నయ్యా, నేను ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో విండోస్ నానా తిప్పలు పెడుతోంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామంటే అందులోని ప్రోగ్రాములన్నీ పోతాయని భయం. పోకుండా దారి ఉందా? లేక ఎవరికైనా డబ్బిచ్చి చేయించుకోవడం నయమా?

జవాబు: తమ్ముడూ, నీ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. డబ్బిచ్చి చేయించుకోవడమా! నాలుగు నెలలకే చెయ్యి ఇంత ధారాళమైతే ఎలా? పైసా ఖర్చు లేని దారి ఉంది, చెబుతాను. కానీ ముందు నా కథ విను. నువ్వూ అదే చేస్తావని నాకు గట్టి అనుమానం.

వచ్చిన తొలి ఏడే నా ల్యాప్‌టాప్ కూడా మొరాయించింది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఫార్మాట్ కొట్టడం, అంటే డిస్క్ మొత్తం చెరిపేసి మొదటి నుంచీ వేసుకోవడం. అయినా జాగ్రత్తపరుణ్ణే. సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టి, అది అయ్యేదాకా రాత్రంతా కాపలా కాశాను. పొద్దున్నే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (కంప్యూటర్‌ని దాన్నుంచే స్టార్ట్ చేసి), విండోస్ ఉన్న డిస్క్ భాగాన్ని, అంటే పార్టిషన్‌ని, డిలీట్ చేసి, కొత్త విండోస్ వేసి, ఆ ఫోల్డర్‌ని మళ్ళీ దాని చోట్లో పెట్టాను. ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తే, ఫలానా డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సిన సహాయక ఫైల్) లేదంటుంది ఒకటి, లైసెన్స్ ఏదంటుంది ఇంకొకటి. ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తన వివరాలు విండోస్ చిట్టాపుస్తకమైన రిజిస్ట్రీలో రాసుకుంటుందనీ, కొన్ని ఫైళ్ళు ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా అనే వేరే ఫోల్డర్లలో పెట్టుకుంటుందనీ అప్పటికి నాకు తెలీదు. ఇల్లు మారుతూ బీరువాలు మోసుకొచ్చి తాళంచెవులు పాత ఇంట్లో వదిలేసినట్టయింది నా పని.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నేను కొని వాడుకుంటున్న ప్రోగ్రాములు రెండు. ఒకదాని లైసెన్స్ కీ పాత మెయిల్‌లో ఉంది, ఆ మెయిల్ పాస్‌వర్డ్ నేను చెరిపేసిన బ్రౌజర్‌లో ఉంది. రెండోది, నీ యాక్టివేషన్ల కోటా (ఎన్ని కంప్యూటర్లలో వాడొచ్చో ఆ లెక్క) అయిపోయింది, పాత కంప్యూటర్‌లో డీయాక్టివేట్ చేసి రా అంది. ఆ పాత కంప్యూటర్‌ని నా చేతుల్తో నేనే తుడిచేశాను కదా! రెండూ మళ్ళీ కొన్నాను. ప్రతి ఖర్చునీ రూపాయల్లోకి మార్చుకుని ఉసూరుమనే రోజులవి. నోటుపుస్తకంలో ఆ రెండు అంకెల కింద ఎర్ర పెన్నుతో గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

సరే, దారి ఏమిటంటే, నడుస్తున్న విండోస్ మీదే విండోస్ మళ్ళీ వేసుకోవడం. రిపేర్ ఇన్‌స్టాల్ అంటారు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో సెట్టింగ్స్‌లోకెళ్ళి సిస్టమ్, అందులో రికవరీ తెరిస్తే 'ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్' అని ఉంటుంది. పక్కనే ఉన్న 'రీఇన్‌స్టాల్ నౌ' నొక్కితే ఫైళ్ళూ ప్రోగ్రాములూ సెట్టింగులూ ఎక్కడివక్కడ ఉంచి విండోస్‌ని మాత్రం కొత్తగా వేస్తుంది. అది కనబడకపోతే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైల్ (విండోస్ ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) దింపుకో, ఉచితమే. దాన్ని మౌంట్ చేసి, అంటే డబుల్ క్లిక్‌తో డ్రైవ్‌లా తెరిచి, లోపలి సెటప్ నడిపితే చివర్లో 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే మాత్రం ఆ అవకాశం రాదు. 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' చూసి కూడా మోసపోకు. అక్కడ మిగిలేవి ఫైళ్ళే. ప్రోగ్రాములు తీసేసి, పోయినవాటి పేర్లతో ఒక జాబితా డెస్క్‌టాప్ మీద పెడుతుంది, సంతాప సందేశంలా.

రెండోసారి నేను ఈ ఐఎస్ఓ పద్ధతే పట్టాను. అంతా తెలుసన్న ధీమాతో నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతున్నాను. చివరి తెర మీద చూస్తే 'ఫైల్స్ అండ్ యాప్స్' అన్న వరుస బూడిదరంగులో ఉంది, నొక్కితే పలకదు. ఎంపికై ఉన్నది 'నథింగ్'. వేలు మౌస్ మీదే ఉంది. ఎర్ర గీతలు గుర్తొచ్చి క్యాన్సిల్ కొట్టాను. కారణం కనుక్కోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఐఎస్ఓ దింపేటప్పుడు ఇంగ్లీషు రెండు రకాలుగా ఉంటుంది, యునైటెడ్ స్టేట్స్ ఒకటి, ఇంటర్నేషనల్ ఒకటి. నా ల్యాప్‌టాప్ ఇంటర్నేషనల్‌తో పుట్టింది, నేను దింపింది యునైటెడ్ స్టేట్స్‌ది. ఇక్కడికొచ్చాక రీజియన్ మార్చుకున్నాను కదా అనుకున్నాను గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి dism /online /get-intl అని కొడితే 'డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్' చూపిస్తుంది. en-GB అని ఉంటే ఇంటర్నేషనల్ దింపుకో. ఎడిషన్ (హోమ్, ప్రో లాంటిది) కూడా కలవాలి, ఐఎస్ఓ నీ విండోస్ కంటే పాతది కాకూడదు.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. నీ మెషీన్ 11కి తగుతుందో లేదో, లైసెన్స్ షరతులేమిటో మైక్రోసాఫ్ట్ పేజీల్లో ఉన్నాయి, చదువుకో. అన్నీ నేనే చెప్పాలా?

డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకో. సాధారణంగా నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. సీ డ్రైవ్‌లో ఖాళీ చూసుకో, ఛార్జర్ పెట్టే ఉంచు. అంతా అయ్యాక పాత విండోస్‌ని దాచిపెట్టిన విండోస్.ఓల్డ్ అనే పెద్ద ఫోల్డర్ కనబడుతుంది. వెనక్కి పోవాలంటే 10 రోజులు గడువు, జాగా తినేస్తోందని మొదటి రోజే తుడిచెయ్యకు.

ఇక ఎవరికో ఇద్దామనుకున్న డబ్బు ఉంది కదా, దాంతో ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనుక్కో. ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, కొన్న ప్రతి ప్రోగ్రామ్ లైసెన్స్ కీ అందులో చేరాకే సెటప్ మీద క్లిక్ చెయ్యి.