అనంతగిరిలో గ్రూపు రైడ్ పెట్టే ముందు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బిడ్డా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో మౌంటెన్ బైక్ ట్రైనింగ్ రైడ్ పెడుతున్నానని, పది మంది దాకా వస్తారని, రూటు 28 కి.మీ. గీశానని రాశావు. ముందుగా ఆ రూటు పక్కన పెట్టు. అంత దూరం తిరిగొస్తే అది షికారు అవుతుంది, ట్రైనింగ్ కాదు. నాలుగైదు కి.మీ. ఉండే ఒక్క చుట్టు చూసుకుని దాన్నే మూడు సార్లు తిప్పు. మొదటి చుట్టులో తడబడిన మలుపు రెండోసారి, మూడోసారి మళ్ళీ వస్తుంది, అప్పుడే చెయ్యి కుదురుతుంది. పైగా ఎవరికి ఏమైనా, నీళ్ళూ కార్లూ ఎప్పుడూ రెండున్నర కి.మీ. లోపే ఉంటాయి. అలసినవాళ్ళు ఒక చుట్టు మానేసి చెట్టు కింద కూర్చోవచ్చు, గట్టివాళ్ళు ఇంకోటి వేసుకోవచ్చు, చివరికి అందరూ ఒకే చోట కలుస్తారు. కింద నేను రాసే చాలా సంగతులు ఈ ఒక్క నిర్ణయంతోనే సులువవుతాయి.

చుట్టుకు 80 నుంచి 100 మీటర్ల ఎక్కుడు ఉంటే చాలు. ఎక్కేది వెడల్పాటి బండ్ల బాట మీద, దిగేది సన్న కాలిబాట మీద ఉండేలా చూడు. ఎక్కేటప్పుడు మనుషుల వేగాల్లో తేడా ఎక్కువ. బాట వెడల్పుగా ఉంటే వెనకవాళ్ళు దాటిపోగలరు, ముందువాళ్ళు కంగారు పడరు. టైము లెక్క వేసేటప్పుడు నువ్వు ఒక్కదానివే తిరిగిన దానికి ఒకటిన్నర రెట్లు వేసుకో. కొత్తవాళ్ళున్న గుంపు కొండ బాటల మీద గంటకు 8 నుంచి 10 కి.మీ. మించి నడవదు.

రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. వికారాబాద్‌లోని అటవీ శాఖ వాళ్ళని ముందే కలిసి, ఎంతమంది, ఏ బాట, ఏ టైము అన్నది కాగితం మీద రాసివ్వు. వద్దన్న బాట జోలికి పోవద్దు. అడవి దాటి పొలాల వైపు వెళ్ళే బాట అయితే ఆ రైతుని అడుగు. గట్ల మీద డ్రిప్ పైపులు ఉంటాయి, చక్రం ఎక్కితే పగులుతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అడవి పందుల కోసం కొందరు చేను చుట్టూ రాత్రిపూట కరెంటు తీగ లాగుతారు. చట్ట విరుద్ధమే, కానీ ప్రాణాలు పోతున్నాయి. అందుకే పూర్తిగా తెల్లారక ముందు పొలం అంచుల వెంట ఎవరినీ తిప్పొద్దు.

రైడ్‌కి రెండు మూడు రోజుల ముందు ఆ చుట్టంతా నువ్వే తిరిగి చూడు. కూలిన చెట్టు, కొత్తగా వేసిన ముళ్ళ కంచె, కోసుకుపోయిన వాగు ఒడ్డు మ్యాపులో కనబడవు. ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుందో, మళ్ళీ ఎక్కడ దొరుకుతుందో కూడా గుర్తు పెట్టుకో. నేల సంగతి ఇదీ: అక్కడ కొండ మీద ఎర్ర మొరం, పల్లంలో అక్కడక్కడ నల్లరేగడి. ఎండాకాలంలో గట్టి నేల మీద పరుచుకున్న సన్న మొరం మీద ముందు చక్రం జారిపోతుంది. ఆకు రాలే కాలంలో ఎండాకులు రాళ్ళను కప్పేస్తాయి, అవే నిప్పుకు సిద్ధంగా ఉంటాయి కాబట్టి బీడీ, సిగరెట్ అసలు వద్దు. వాన పడ్డాక నల్లరేగడిలోకి దిగితే మట్టి ఫోర్కులో (చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ మధ్య) కూరుకుని చక్రం తిరగదు. తడి బాట మీద తొక్కితే పడే చాళ్ళ వెంట తర్వాతి వాన నీళ్ళు పారి బాటనే కోసేస్తాయి. పెద్ద వాన పడితే ఆ వారం రైడ్ రద్దు చెయ్యి, మొహమాట పడకు.

ఇక పిలుపు. వాట్సాప్‌లో "ఈజీ రైడ్, అందరూ రండి" అని పెడితే రోడ్డు సైకిల్ వేసుకుని ఒకరు, హెల్మెట్ లేకుండా ఒకరు వస్తారు. ఇలా రాయి: "అనంతగిరి. 4.5 కి.మీ. చుట్టు, మూడు సార్లు, చుట్టుకు 90 మీ. ఎక్కుడు. ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, కనీసం 2.1 అంగుళాల టైర్లు ఉండాలి. హెల్మెట్ లేనివాళ్ళు తొక్కరు. 5:45కి అక్కడ, 6:15కి చక్రం కదులుతుంది, 9:30కి ముగింపు. ఇది మిత్రుల రైడ్, ఫీజు లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఎవరి బాధ్యత వాళ్ళది." డిసెంబరు, జనవరిలో ఆరున్నర దాటాక గాని సూర్యుడు రాడు కాబట్టి అప్పుడు ఓ ముప్పావు గంట ఆలస్యంగా పెట్టు. 18 ఏళ్ళు నిండనివాళ్ళు వస్తే తల్లో తండ్రో వెంట ఉండాలి. పేరు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ళ నంబరు ముందే తీసుకుని ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. హైదరాబాద్ నుంచి 75, 80 కి.మీ. దూరం, కాబట్టి అందరూ నాలుగింటికే బయల్దేరాలి. ఆదివారం పొద్దెక్కాక ఘాట్ రోడ్డు మీద కార్ల రద్దీ పెరుగుతుంది, కార్తీక మాసంలో గుడికి జనం మరీ ఎక్కువ. శనివారం పెట్టుకుంటే మేలు. బాత్రూమ్ ఉన్న చోటి నుంచే మొదలుపెట్టు. ఆడపిల్లలు మళ్ళీ వస్తారా రారా అన్నది చాలా వరకు ఇలాంటి వాటి మీదే ఉంటుంది.

సైకిల్ కార్లో వేసేటప్పుడు చక్రం తీస్తే, హైడ్రాలిక్ బ్రేకు ప్యాడ్ల మధ్య ఒక అట్టముక్క పెట్టమను. డిస్క్ లేకుండా ఎవరి చెయ్యైనా బ్రేకు లివర్ మీద పడిందా, ప్యాడ్లు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి, కొండ దగ్గర పొద్దున్నే అరగంట అక్కడే పోతుంది.

చేరుకున్నాక ప్రతి సైకిలూ నువ్వే చూడు. ముందు చక్రం యాక్సిల్ బిగువు, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) లూజు, బ్రేకులు, చైన్, వెనక యాక్సిల్, ఈ వరసలో చూస్తే మనిషికి రెండు నిమిషాలు. ముందు బ్రేకు గట్టిగా నొక్కి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక వినిపిస్తే హెడ్‌సెట్ వదులైనట్టే. చైన్‌కి ఆయిల్ స్ప్రే కొట్టుకొచ్చినవాళ్ళ డిస్కులు తప్పకుండా చూడు, ఆయిల్ పడ్డ బ్రేకు కూస్తుందే తప్ప ఆగదు.

టైర్లలో గాలి దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. షాపులో 40, 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించుకుని వస్తారు. ఆ గట్టి టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది, పట్టు ఉండదు. 70 కిలోల మనిషికి, 2.3 అంగుళాల టైరుకు, ట్యూబు ఉంటే ముందు 26 నుంచి 28, వెనక 28 నుంచి 30. ట్యూబ్‌లెస్ అయితే ముందు 20 నుంచి 22, వెనక 23 నుంచి 25. ఇంకా తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. ఇవి మొదలుపెట్టే అంకెలు, బరువును బట్టి సర్దుకోవాలి. మన దగ్గర అసలు శత్రువులు సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. ట్యూబ్‌లెస్ వాళ్ళు సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) చక్రానికి 100 మి.లీ. దాకా పోసి, ఎండాకాలంలో రెండు నెలలకోసారి చూసుకోవాలి, లోపలే ఎండిపోతుంది. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలంతా గుడ్డతో తడిమి చూడాలి. విరిగిన ముల్లు లోపలే ఉంటే కొత్త ట్యూబు కూడా ఐదు నిమిషాల్లో పోతుంది.

స్పేర్ ట్యూబు ఎవరిది వాళ్ళదే. గుంపు సంచిలో రెండు రకాల వాల్వులకూ పనికొచ్చే పంపు, అలెన్ కీలు, టీ25 టార్క్స్ (నక్షత్రం ఆకారపు కీ), చైన్ కట్టర్, ప్యాచ్‌లు, జిప్ టైలు ఉండాలి. తెగిన చైన్‌ని కలిపే క్విక్ లింక్ 9 స్పీడుది (వెనక 9 గేర్లున్న సైకిల్‌ది) 11 స్పీడు చైన్‌కి సరిపోదు, వచ్చే సైకిళ్ళు ఏవో అడిగి తెలుసుకుని తీసుకో. 27.5 అంగుళాల ట్యూబు అవసరానికి 29 అంగుళాల చక్రంలో పని నడిపిస్తుంది. డీరైలర్ హ్యాంగర్ (గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) మాత్రం ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం, అది విరిగితే ఆ మనిషి నడిచి రావడమే. నడక ఎలాగూ రెండున్నర కి.మీ. లోపే.

గుంపును నడిపే పద్ధతికి వద్దాం. ముందు ఒకరు లీడ్, చివర ఒకరు స్వీప్. లీడ్ వేగంగా తొక్కేవాళ్ళు కానక్కర్లేదు, వెనక్కి చూసే అలవాటున్నవాళ్ళు కావాలి. స్వీప్‌గా మాత్రం రిపేరు తెలిసిన, ఓపికున్న మనిషిని పెట్టు, టూల్స్ సంచి వాళ్ళ దగ్గరే ఉండాలి. ముందువాళ్ళ దగ్గరుంటే చివర పంక్చర్ అయినవాళ్ళకి అది దొరకదు. స్వీప్‌ని దాటి ఎవరూ వెనకబడకూడదు, లీడ్‌ని దాటి ఎవరూ ముందుకు పోకూడదు. దారి చీలిన ప్రతి చోటా లీడ్ వెనకున్న రెండో మనిషి ఆగి, స్వీప్ వచ్చేదాకా అక్కడే నిలబడి దారి చూపాలి, ఆ తర్వాత స్వీప్‌కు ముందు కలవాలి. తర్వాతి చీలిక దగ్గర ఇంకొకరు. అలా చేస్తే ఎవరూ దారి తప్పరు, గుంపంతా ప్రతి చోటా ఆగక్కర్లేదు కూడా.

చుట్టులో రెండు చోట్ల మాత్రం అందరూ కలవాలి, తలలు లెక్కపెట్టు. ఇక్కడ ఒక అన్యాయం జరుగుతూ ఉంటుంది: చివరివాళ్ళు వగరుస్తూ రాగానే, అప్పటికే పది నిమిషాలు కూర్చున్న ముందువాళ్ళు "పదండి" అని లేస్తారు. అందరికంటే అలసినవాళ్ళకే విశ్రాంతి లేకుండా పోతుంది. చివరి మనిషి వచ్చి, నీళ్ళు తాగి, రెండు నిమిషాలు గడిచాకే కదలాలని ముందే చెప్పు. పది, పన్నెండు మందికి మించితే రెండు గుంపులు చేసి, రెండో దానికి వేరే లీడ్, వేరే స్వీప్ పెట్టు.

దిగేటప్పుడు ముందువాళ్ళు కిందపడితే ఆగగలిగేంత ఎడం ఉండాలి. నిటారు చోట్ల ముందు మనిషి పూర్తిగా దిగి "క్లియర్" అన్నాకే రెండో మనిషి కదలాలి. నడిచేవాళ్ళకూ, పశువులకూ ఎప్పుడూ దారి మనమే ఇవ్వాలి. మేకల మంద ఎదురైతే కాలు కింద పెట్టి ఆగు, కాపరి తోలుకుపోతాడు. ఊరి కుక్కలు వెంటపడితే దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవాలి.

ట్రైనింగ్ కష్టమైన పనితో మొదలుపెట్టకు, చదును నేల మీద 25 నిమిషాలు ఇవ్వు. మొదట బ్రేకు. నేల మీద గీత గీసి, మోస్తరు వేగంతో వచ్చి ఆ గీత దగ్గర నుంచి ఎంత దూరంలో ఆగుతున్నారో చూసుకోవాలి: వెనక బ్రేకు ఒక్కటే, తర్వాత ముందుది మెల్లగా, తర్వాత రెండూ. సైకిల్‌ని నిజంగా ఆపేది ముందు బ్రేకేనని అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది. తలకిందులయ్యేది ముందు బ్రేకు వాడినందుకు కాదు, ఒంటి బరువు ముందుకు తూలినందుకు. నడుము వెనక్కీ కిందికీ, మడమలు కిందికి, మోచేతులు వంచి, లివర్ మీద ఒక్క వేలు. తర్వాత నీళ్ళ సీసాలు నాలుగైదు మీటర్ల ఎడంతో వరసగా పెట్టి మధ్యలోంచి తిప్పించు. బయటి కాలు కింద, చూపు సీసా మీద కాదు, బయటపడే దారి మీద. దిగే ముందు సీటు కిందికి దింపుకోవాలన్నది కూడా ఇక్కడే చెప్పు.

మొదటి చుట్టు నింపాదిగా. కష్టమైన రెండు చోట్ల ఆగి, సైకిళ్ళు బాట పక్కన పడుకోబెట్టి, నడిచి చూడాలి. చక్రం ఏ రాయి మీదుగా పోవాలో మాట్లాడుకుని, చేతనైనవాళ్ళు ఒకరు చేసి చూపించాక ఒక్కొక్కరే. దిగి నడవాలనుకున్నవాళ్ళని ఎవరూ బలవంతం చెయ్యకూడదు. "ఏం కాదు, వెళ్ళిపో" అనే మనిషి నీ గుంపులో ఉంటే ముందే పక్కకు పిలిచి చెప్పు.

రెండో చుట్టులో బండ్ల బాట మీద మూడేసి నిమిషాల కసరత్తు నాలుగు సార్లు, మధ్యలో మూడు నిమిషాలు తేలిక. రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేనంత గట్టిగా తొక్కాలి. గుంపు చెదరకుండా ఒక ఉపాయం: అందరూ ఒకే చోట మొదలై పైకి తొక్కాలి, మూడు నిమిషాలకు విజిల్ వేయగానే ఎవరు ఎక్కడుంటే అక్కడే తిరగాలి, ఎడమ పక్కన మెల్లగా దిగాలి. వేగంగా వెళ్ళినవాళ్ళు ఎక్కువ దూరం వెనక్కి రావాలి కాబట్టి కింద అందరూ ఇంచుమించు ఒకేసారి చేరతారు. ఎక్కేటప్పుడు గేరు ఎక్కుడు మొదలవకముందే మార్చాలి. మొరం మీద లేచి నిలబడితే వెనక చక్రం ఊరికే తిరుగుతుంది, సీటు ముందు అంచున కూర్చుని ఛాతీ వంచాలి. మూడో చుట్టు ఆగకుండా, పోటీ లేకుండా. చేతులు అలసినవాళ్ళు ఆఖరి దిగుడు బండ్ల బాట మీదుగానే రావాలి, అలసిన వేళ్ళు బ్రేకును సమయానికి పట్టవు.

నీళ్ళు గంటకు ముప్పావు లీటరు లెక్కన మనిషికి రెండున్నర లీటర్లు, కార్లో ఇంకో పది లీటర్లు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి, అర లీటరులో కలిపితే మేలు బదులు కీడు చేస్తుంది. అరటిపండ్లు, పల్లీ చిక్కీ, ఖర్జూరాలు చాలు. ఎండలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా వెంటనే నీడలోకి చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరాలి. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకూడదు. తల తగిలినవాళ్ళు వాంతి చేసుకున్నా, జరిగింది మరిచిపోయినా ఆ రోజుకు తొక్కడం ఆపాలి, ఆసుపత్రికి వెళ్ళాలి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, ఆ అవయవం కదలకుండా ఉంచి ఆసుపత్రికి. భుజం ఎముక విరిగితే వేలాడదీయడానికి ముక్కోణపు గుడ్డలు రెండు, గాజ్ గుడ్డ (గాయం మీద వేసే పలచని బట్ట), క్రేప్ బ్యాండేజ్, గాయం కడగడానికి సెలైన్ సంచిలో పెట్టు. సిగ్నల్ లేని చోటైతే ఇద్దరిని పంపు, ఒక్కరిని కాదు. స్థలం అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాసి వాళ్ళ చేతికివ్వు.

ముగిశాక పేర్ల కాగితం తీసి ఒక్కొక్కరికీ టిక్కు పెట్టు, అందరూ కార్ల దగ్గర కనబడ్డాకే కదులు. చిక్కీ కవర్లు, చిరిగిన ట్యూబులు ఏరి సంచిలో వెయ్యి. అటవీ శాఖ వాళ్ళకి అందరం బయటికి వచ్చామని ఫోన్ చెయ్యి, వచ్చే నెల అనుమతి అడిగేటప్పుడు పనికొస్తుంది. రాత్రంతా నాలుగు గంటల నిద్ర కూడా లేకుండా వచ్చినవాళ్ళెవరైనా ఉంటే స్టీరింగ్ వేరేవాళ్ళకి ఇప్పించు.

కొత్త చుట్టు గీశాక ట్రాక్ ఫైలు, వచ్చేవాళ్ళ సైకిళ్ళ వివరాలు నాకు పంపు. స్వీప్‌గా ఎవరిని పెడుతున్నావో కూడా రాయి.

ఇట్లు,
మామయ్య