డయాటమ్ పెంకు మీద యాంటీబాడీ ఎందుకు నిలవట్లేదు?

రక్తంలో సీఆర్‌పీ (శరీరంలో వాపు ఉంటే పెరిగే ప్రోటీన్) పట్టే సెన్సర్ కోసం డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల పెంకులు వాడుతుంటే యాంటీబాడీ అంటుకోవట్లేదన్న ప్రశ్నకు: తప్పు సాధారణంగా యాంటీబాడీది కాదు, అంతకు ముందు దశలది.

ఈ శైవలాల పెంకు పుట్టుకతోనే నానో రంధ్రాలున్న సిలికా. 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బోనేట్లు తీసి, నీరు తటస్థమయ్యేదాకా కడగండి. సేంద్రియ పదార్థం మిగిలితే అదే మెరిసి ఫ్లోరెసెన్స్ రీడింగును చెడగొడుతుంది. కొలిమిలో కాల్చడం సులువే గానీ, వేడి మితిమీరితే సిలనాల్ గ్రూపులు (సిలికా మీది -OH గ్రూపులు) తగ్గి, తర్వాత పూసే సిలేన్‌కు (పెంకుకూ యాంటీబాడీకీ మధ్య వంతెనయ్యే సిలికాన్ సమ్మేళనం) పట్టు దొరకదు.

తర్వాత 2 శాతం ఏపీటీఈఎస్ (అమైన్ గ్రూపున్న సిలేన్), తేమ లేని టోలుయీన్‌లో, గంటసేపు. ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే. నీటి చెమ్మ ఉంటే సిలేన్ తనలో తానే అల్లుకుని రంధ్రాలను పూడ్చేస్తుంది. కడిగి, 110 డిగ్రీల్లో ఆరబెట్టండి.

పీబీఎస్ అనే ఫాస్ఫేట్ బఫర్‌లో 2.5 శాతం గ్లుటరాల్డిహైడ్ (ఆ అమైన్‌ను యాంటీబాడీతో కలిపే ఆల్డిహైడ్) అరగంట, ఆపైన యాంటీబాడీ 4 డిగ్రీల్లో రాత్రంతా. ట్రిస్ బఫర్ మాత్రం వద్దు. దాని అమైనే ఆల్డిహైడ్‌ను తినేస్తుంది. చివర్లో 1 శాతం బీఎస్‌ఏ (మిగిలిన ఖాళీ చోట్లను కప్పే ప్రోటీన్).

ఐజీజీ (సాధారణంగా వాడే యాంటీబాడీ రకం) అణువు సుమారు 10-15 నానోమీటర్లు. అంతకన్నా సన్న రంధ్రాల్లోకి అది దూరదు కాబట్టి పెంకు మొత్తం ఉపరితల వైశాల్యాన్ని లెక్కలో వేసుకోకండి. పోలిక కోసం యాంటీబాడీ లేని పెంకును కూడా పక్కన నడపండి.