మెడెయిన్ యాత్రకు సరే, ఫ్లాటుకు ఇప్పుడే వద్దు

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగులం, శాకాహారులం. మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నందున ఇద్దరికీ అమెరికా సందర్శక వీసాలు ఉన్నాయి. ఈసారి అక్కడి నుంచి కొలంబియా వెళ్లి రెండు వారాలు ఉండాలనుకుంటున్నాం. షాద్‌నగర్ దగ్గర ప్లాటు అమ్మగా వచ్చిన రూ.45 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. ఆ డబ్బుతో కొలంబియాలోని మెడెయిన్ నగరంలో ఫ్లాటు కొని టూరిస్టులకు అద్దెకిస్తే డాలర్లలో ఆదాయం వస్తుందనీ, వీసా కూడా దొరుకుతుందనీ, డబ్బు అమెరికాలోని మయామీలో ఉన్న ఏజెంటు ఖాతాకు పంపితే చాలనీ ఒక మిత్రుడు చెబుతున్నారు. మాకింకా 8.5 శాతం వడ్డీ మీద రూ.28 లక్షల గృహరుణం ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: యాత్రకు నిశ్చింతగా వెళ్లి రండి. ఫ్లాటు మాత్రం ఈ ప్రయాణంలో కొనవద్దు. మయామీ ఖాతాకు అయితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

ముందుగా యాత్ర సంగతి చూద్దాం. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసాకు ఇంకా కనీసం 180 రోజుల గడువుంటే, కొలంబియాలో పర్యాటకులుగా ఉండటానికి భారతీయులు వేరే వీసా తీసుకోనక్కరలేదు. దిగినప్పుడు విమానాశ్రయంలో 90 రోజుల వరకు అనుమతిస్తారు. చాలామంది మరిచిపోయేది పచ్చజ్వరం టీకా. కొలంబియా నుంచి భారత్‌కు వచ్చేవారు ఆ టీకా ధ్రువపత్రం చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో ఉంచే అవకాశం ఉంది. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది కనుక, ఆఖరి వారం వరకు ఆగకుండా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు ముందే వెళ్లి రండి.

హోటల్ బిల్లు కట్టేటప్పుడు పాస్‌పోర్టు మీద ప్రవేశ ముద్ర చూపించండి. ఆ దేశంలో నివాసం లేని విదేశీ పర్యాటకులకు బసపై 19 శాతం ఐవా, అంటే వారి వ్యాట్, మినహాయింపు ఉంది. రూపాయికి సుమారు 45 కొలంబియా పెసోలు అనుకుంటే, రాత్రికి 3 లక్షల పెసోల గదిలో 14 రాత్రులు ఉంటే దాదాపు రూ.17,700 మిగులుతుంది. అడగని వారికి ఈ మినహాయింపు ఇచ్చే ఓపిక అన్ని హోటళ్లకూ ఉండదు.

భోజనానికి మధ్యాహ్నపు ‘మెనూ దెల్ దియా’ను నమ్ముకోండి. సూపు, అన్నం, చిక్కుడు గింజలు, వేయించిన అరటికాయ, పండ్ల రసం కలిపి ఇచ్చే ఈ పూట భోజనం, మన మెస్సు భోజనం లాంటిదే, సాధారణ హోటళ్లలో చవకగా దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే, మెడెయిన్ ప్రాంతంలో ఆ గింజలను తరచుగా పంది మాంసంతో కలిపి ఉడికిస్తారు. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అని అర్థమైనా, కోడిని మాంసం కింద లెక్కవేయని వంటవారు ఉంటారు. అందుకే ‘సిన్ పోయో, సిన్ పెస్కాదో’ అని కోడి, చేపల పేర్లు కూడా చెప్పాలి. చీజ్‌తో ఇచ్చే మొక్కజొన్న రొట్టె అరేపా, పచ్చి అరటికాయను చదునుగా నొక్కి వేయించే పటకోన్ మీకు ఎక్కడైనా ఆసరా.

బిల్లు దగ్గర రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. సర్వీసు కలపమంటారా అని అడుగుతారు. అది 10 శాతానికి మించని స్వచ్ఛంద టిప్పు, వద్దనే హక్కు మీకుంది. ఆపైన కార్డు మెషిన్ చేతిలో పట్టుకుని ‘ఎన్ని కువోతాస్?’ అంటారు. ఎన్ని వాయిదాలు అని దాని అర్థం. అక్కడి వారు చిన్న బిల్లును సైతం వాయిదాలుగా విడగొట్టుకుంటారు. ‘ఉనా’, అంటే ఒకటే, అనండి. మెషిన్ మీద డాలర్లా, పెసోలా అని వస్తే పెసోలే నొక్కండి, ఎందుకంటే డాలర్లు ఎంచుకుంటే మారకపు రేటు ఆ మెషిన్ కంపెనీ చేతిలోకి వెళుతుంది. మన క్రెడిట్ కార్డులు చాలావాటిపై విదేశీ ఖర్చుకు 3.5 శాతం మార్కప్ అనే అదనపు రుసుము, దానిపై జీఎస్‌టీ పడతాయి కనుక, మార్కప్ లేని కార్డు ఒకటి ముందే తీసుకోండి.

ఇక ఫ్లాటు. మీ మిత్రుడు చెప్పిన వీసా మాటే ముందు నిలవదు. స్థిరాస్తి పెట్టుబడిపై ఇచ్చే ‘ఎం’ తరగతి వీసాకు ఆస్తి విలువ వారి నెలసరి కనీస వేతనానికి 350 రెట్లు ఉండాలి. 2025లో ఆ వేతనం 14,23,500 పెసోలు. అంటే ఆ ఏడాది లెక్కన కావలసింది దాదాపు 49.8 కోట్ల పెసోలు. మీ రూ.45 లక్షలు సుమారు 20 కోట్ల పెసోలు, సగం కూడా కాదు. వేతనం ఏటా పెరుగుతుంది కనుక ఈ గీత ఏటా పైకి జరుగుతుంది.

అంతకన్నా ముఖ్యం డబ్బు వెళ్లే దారి. విదేశీయుడి పెట్టుబడి అధికారిక మారక మార్కెట్ ద్వారా కొలంబియాలోకి వచ్చి, వారి కేంద్ర బ్యాంకు అయిన బాంకో దె లా రిపూబ్లికాలో విదేశీ పెట్టుబడిగా నమోదు కావాలి. ఆ నమోదు ఉంటేనే రేపు ఫ్లాటు అమ్మిన సొమ్మును వెనక్కి తెచ్చుకునే హక్కు దక్కుతుంది, పెట్టుబడి వీసాకూ అదే ఆధారం. డబ్బు మయామీలో మరొకరి ఖాతాలో పడితే ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోతుంది. మన వైపు నుంచి చూసినా, ఎల్‌ఆర్‌ఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంకు పథకం, కింద ఆస్తి కొనుగోలుకని చెప్పి పంపిన డబ్బు మూడో దేశంలో ఏజెంటు ఖాతాకు ఎందుకు చేరిందో మన విదేశీ మారక చట్టం ఫెమా కింద సంజాయిషీ చెప్పుకోవలసింది మీరే.

ఎల్‌ఆర్‌ఎస్ కింద ఒక్కొక్కరు ఏడాదికి 2.5 లక్షల డాలర్లు పంపవచ్చు కనుక పరిమితి మీకు అడ్డు కాదు. కానీ రూ.10 లక్షలు దాటిన సొమ్ముపై 20 శాతం టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, ఉంది. ఒక్కరే పంపితే రూ.7 లక్షలు, ఇద్దరూ చెరిసగం పంపితే మొత్తం రూ.5 లక్షలు ముందుగా కట్టాలి. అది తర్వాత మీ ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యే సొమ్మే అయినా, అంతవరకు చేతిలో ఉండదు. ఆపైన ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అందులో విదేశీ ఫ్లాటును చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద రూ.10 లక్షల జరిమానా పడవచ్చు.

అద్దె లెక్క కూడా వేద్దాం. టూరిస్టులకు రోజువారీగా ఇవ్వాలంటే జాతీయ పర్యాటక రిజిస్ట్రీలో నమోదు కావాలి, పైగా ఆ భవనపు నిబంధనలు అందుకు అనుమతించాలి. అనుమతించని అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. కుటుంబాలకు నెలవారీగా ఇస్తే 2003 నాటి 820వ చట్టం వర్తిస్తుంది: నెల అద్దె ఆస్తి విలువలో 1 శాతం మించకూడదు, ఏటా పెంపు గత ఏడాది ద్రవ్యోల్బణాన్ని దాటకూడదు. నెలకు అరశాతం వచ్చిందనుకుందాం. ఏడాదికి రూ.2.7 లక్షలు. నిర్వహణ రుసుము, ఆస్తి పన్ను, చూసుకునేవారి కమిషన్ పోగా రూ.1.9 లక్షలు మిగిలితే, అక్కడ నివాసం లేనివారికి వర్తించే 35 శాతం పన్ను తర్వాత చేతికొచ్చేది రూ.1.24 లక్షలు, అంటే 2.7 శాతం. ఒకే ఆదాయంపై రెండు చోట్లా పన్ను పడకుండా భారత్, కొలంబియాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల అక్కడ కట్టినది ఇక్కడ సర్దుబాటవుతుంది, కానీ మన రేటు కన్నా ఎక్కువ కట్టినది తిరిగి రాదు.

ఆదాయం డాలర్లలో అన్న మాట కూడా నిజం కాదు. ఆస్తి ధర, అద్దె రెండూ పెసోల్లోనే నడుస్తాయి. 2014 మధ్యలో డాలరుకు సుమారు 1,900 పెసోలు ఉండగా 30 కోట్ల పెసోల ఫ్లాటు విలువ దాదాపు 1.58 లక్షల డాలర్లు. 2022 నవంబరులో డాలరు 5,000 పెసోలు దాటినప్పుడు, పెసోల్లో అదే ధర ఉన్న ఫ్లాటు 60 వేల డాలర్లకు పడిపోయింది. ఆ తర్వాత పెసో కొంత కోలుకుంది, నిజమే. కానీ ఆ ఊగిసలాటను తట్టుకునే డబ్బు మీది కాదని నా అభిప్రాయం.

అందుచేత, ముందు రూ.28 లక్షల గృహరుణం తీర్చండి. ఎవరి హామీ అక్కరలేని 8.5 శాతం లాభం అది. మిగిలిన రూ.17 లక్షల్లో అబ్బాయి చదువుకు ఏడాదిలో కావలసింది పక్కన పెట్టి, తక్కినది మీరు ఇప్పటికే నడుపుతున్న పెట్టుబడుల్లో కలపండి.

ఎప్పటికైనా కొనాలనే ఉంటే ‘సెర్తిఫికాదో దె త్రాదిసియోన్ ఇ లిబెర్తాద్’ అడగండి. ఆస్తి ఎవరెవరి చేతులు మారిందీ, తాకట్టు, జప్తు ఉన్నాయా అన్నదీ చెప్పే పత్రం అది, మన ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) లాంటిది. కట్టబోయే భవనమైతే, సొమ్ము బిల్డరుకు కాక ఫిదూసియారియా అనే ట్రస్టు సంస్థకు కట్టే పద్ధతి అక్కడ ఉంది. ఇక్కడి ప్రీ-లాంచ్ దెబ్బలు చూసినవారికి దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మెడెయిన్‌లో సరదాగా ఫ్లాట్లు చూసినా తప్పులేదు. కానీ ఏజెంటు చాపిన కాగితం పైన ‘ప్రోమేసా దె కొంప్రావెంతా’ అని కనిపిస్తే కలం తీయకండి. అది విక్రయ ఒప్పందం. సంతకం పెట్టి వెనక్కి తగ్గితే కట్టిన బయానా వదులుకోవలసి రావచ్చు.